పచ్చి, పాచి

మా మేనత్తను వీధిలో అందరూ ముక్కత్త అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆ సంగతి ఆవిడకు తెలుసు. ముక్కు ఆకారం చూసి పెట్టిన పేరు కాదది. ఆకారానికొస్తే అది అందరి ముక్కులాంటిదే, కొంచెం చప్పిడి కూడా. ఆ ముక్కు చేసే పని చూసి పెట్టారు. ఆవిడ కోపం కూడా ఎప్పుడూ దాని మీదే ఉంటుంది కాబట్టి, పేరు రెండు విధాలా కుదిరింది.

అత్త చిన్న ఇంజన్లు బాగుచేస్తుంది. జనరేటర్లు, నీళ్లు తోడేవి, గడ్డి కోసేవి, పడవ వెనక తగిలించేవి. ఇంటి ముందుగదే షాపు. గోడ నిండా మేకులు, మేకులకు పానాలు, నేల మీద ఎంత రుద్దినా వదలని నూనె మరకలు. "ఇంజన్ స్టార్టవడం లేదు" అంటూ ఎవరైనా వస్తే మిగతా మెకానిక్కులు ముందు ప్లగ్గు విప్పుతారు. అత్త ట్యాంకు మూత విప్పుతుంది. విప్పిన చోట అరచెయ్యి ఒక్క క్షణం కప్పి ఉంచి, ఆ చేతిని మొహానికి కాస్త దూరంలో ఆడిస్తుంది. కళ్లు మూసుకుంటుంది. మనం ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఎందుకు బిగబట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ అందరం బిగబట్టేవాళ్లం.

"పచ్చిగానే ఉంది. తప్పు పెట్రోలుది కాదు, ప్లగ్గు చూద్దాం" అనేది. లేకపోతే, "పాచి. ఎన్నాళ్లు పడేశావు నాయనా దీన్ని?" అనేది.

అత్త భాషలో పెట్రోలుకు వయసు లేదు, వాసనే ఉంది. ఆ వాసనల పేర్లన్నీ వంటింట్లోంచి తెచ్చుకున్నవే. కొత్త పెట్రోలుది పచ్చి వాసన. ముక్కుకు చురుక్కుమని తగిలి అంతలోనే ఎగిరిపోతుంది. కొన్నాళ్లు నిలవుంటే ఆ చురుకు తగ్గుతుంది, అది పులిసింది. ఇంకా ఉంటే పాచి. ఎండిపోయిన రంగు డబ్బా మూత తీసినట్టు ముక్కులోకి వచ్చి కూర్చుంటుంది, లేవమన్నా లేవదు. ఇదంతా చెప్పుకుపోతుంటే నాకు ఆవిడ ఇంజన్ గురించి చెబుతోందో, నిన్నటి అన్నం గురించి చెబుతోందో అర్థమయ్యేది కాదు.

"పాతది కదా, పేలదు కదా?" అని భయపడుతూ అడిగేవాళ్లు ఉంటారు.

"ఎగిరి అంటుకునే చురుకు కొత్తదానికే ఎక్కువ. పాతదానికి ఓపిక తక్కువ" అనేది అత్త. "అలాగని అగ్గిపుల్ల దగ్గరికి తీసుకెళ్లకు, మండటం మాత్రం మానదు. దాని ప్రమాదం వేరే ఉంది. నువ్వు దాన్ని నమ్ముకుని కూర్చుంటావు. సరిగ్గా అవసరం పడ్డప్పుడు మొండిచెయ్యి చూపిస్తుంది."

కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు పాతదంతా పారబోసేవాళ్లను తిట్టేది. పాతదంతా దాచుకునేవాళ్లను ఇంకా ఎక్కువ తిట్టేది. డబ్బా నిండుగా పోసి, మూత బిగించి, నీడన పెడితే ఏడాది తర్వాత కూడా పచ్చిగా ఉన్న పెట్రోలును తను చూశాననీ, సగం డబ్బాను ఎండలో వదిలేస్తే ఒక్క వేసవికే పాచిపోయిందనీ చెప్పేది. ఒకసారి చేపలు పట్టే ఆయన తెచ్చిన క్యాను మూత తీసి, "దీంట్లో వాన దిగింది" అంది. ఆయన ఒప్పుకోలేదు. అత్త గాజు సీసాలో కొంచెం వంచి కిటికీలో పెట్టింది. కాసేపటికి సీసా అడుగున వేరే పొర ఏర్పడింది, నీళ్లు. చుట్టూ ఉన్నవాళ్లం ముక్కున వేలేసుకున్నాం. మా వీధిలో అందరి ముక్కులూ వేళ్లు వేసుకోవడానికే, పనిచేసేది మాత్రం అత్త ముక్కు ఒక్కటే.

మావయ్య అందుకు పూర్తిగా ఎదురు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన లోకం వెనకగది. అక్కడ పొదిగే పెట్టె ఉంటుంది. బీరువా అంత పెట్టె, లోపల బల్బులు, చిన్న ఫ్యాను, నీళ్ల పళ్లెం, అరల నిండా గుడ్లు. చుట్టుపక్కల కోళ్లు పెంచేవాళ్లు గుడ్లు తెచ్చి ఇస్తే పిల్లల్ని చేసి ఇస్తాడు. ముందుగదిలో ఇంజన్ల మోత, వెనకగదిలో చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం. ఈ ఇద్దరూ ఒక ఇంట్లో ఎలా కాపురం చేస్తున్నారా అని నాకు చిన్నప్పట్నుంచీ ఆశ్చర్యమే. మా ఇల్లు వాళ్ల గోడ పక్కనే కాబట్టి ఆశ్చర్యపోవడానికి తీరిక బాగానే దొరికింది.

పోయినేడు వీధి వీధంతా జ్వరాల పాలైంది. అత్తకూ వచ్చింది, తగ్గింది. తగ్గాక మళ్లీ షాపు తెరిచింది. తేడా ఏమైనా కనిపించిందంటే అది మావయ్యలోనే. ఆయనకు ఉన్నట్టుండి నోరొచ్చింది. "ఏమోయ్, పాలు మాడుతున్నట్టున్నాయి." "ఎవరో పాత పెట్రోలు తెచ్చినట్టున్నారు, ఒకటే కంపు." గదిలోకి వస్తూనే ఏదో ఒక వాసన గురించి గొణిగేవాడు. పెద్దతనం అనుకున్నాను. అత్త కూడా, "నాకు తెలీదా, మీరు చెప్పాలా" అని కసిరేది.

గాలివాన వచ్చింది ఆ తర్వాతే. తెల్లవారేసరికి వాన ఆగింది గానీ వీధిలో స్తంభాలు పడుకున్నాయి. చెట్లు విరిగి రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. పెట్రోలు బంకులో పెట్రోలుంది గానీ, దాన్ని పైకి తోడే మెషిన్‌కు కరెంటు లేదు. వెనకగదిలో చూస్తే పెట్టె నిండా గుడ్లు, అవీ సరిగ్గా పిల్లలయ్యే రోజున.

"కొన్ని బీటలిచ్చాయి. లోపల్నుంచి కొడుతున్నాయి. ఇప్పుడు చల్లబడితే తడితోనే చచ్చిపోతాయి" అన్నాడు మావయ్య. ఆయన మొహం పాలిపోయి ఉంది.

అత్త అప్పటికే పెరట్లో జనరేటర్ నడిపిస్తోంది. పొగ లోపలికి రాకూడదని ఎప్పుడూ గోడకు దూరంగా, బయటే పెడుతుంది. కానీ ట్యాంకులో ఉన్నది కొంచెమే. మధ్యాహ్నం దాకా రాదు. నా స్కూటర్లో ఉన్నది అడుగంటింది. మిగిలింది షాపులో ఉన్న రెండు క్యాన్లు.

ఇక్కడ ఆ క్యాన్ల సంగతి చెప్పాలి. బాగుకొచ్చిన ఇంజన్లలోంచి దించిన పెట్రోలు బాగుంటే అత్త ఒక క్యానులో పోసి గట్టిగా మూత పెడుతుంది. చచ్చింది రెండో క్యానులో పోసి, పారేసే చోటికి పంపిస్తుంది. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. వాటి మీద ఏ గుర్తూ లేదు. గుర్తు పెట్టమని నేనంటే, "ముక్కుండగా గుర్తులెందుకే" అనేది. మంచిది ఎప్పుడూ కిటికీ పక్కన, చెడ్డది తలుపు పక్కన ఉండేవి. ఆ రాత్రి షాపులోకి నీళ్లొస్తే నేనూ మావయ్యా గబగబా అన్నీ ఎత్తి బల్ల మీద పెట్టేశాం. ఏది ఎక్కడిదో చూడలేదు. ఇప్పుడు రెండూ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి, కవల పిల్లల్లా.

అత్త పెరట్లోంచి పిలిచింది. "పిల్లా, ఆ క్యాన్లు రెండూ మూతలు తీసి చూడు. ఏది పచ్చి, ఏది పాచి చెప్పు. ఎన్నాళ్లు చూస్తూ నిలబడతావు, ఇవాళ నువ్వు నేర్చుకో."

నాకు గర్వంతో కాళ్లు నేలకు ఆనలేదు. ఇన్నేళ్లుగా ఆవిడ ఎవరికీ నేర్పని విద్య. అత్తలాగే అరచెయ్యి కప్పాను, అత్తలాగే కళ్లు మూశాను. ఎడమ క్యాను చురుక్కుమంది. కుడిది రంగు డబ్బాలా వచ్చి కూర్చుంది. ఇంత తేలికా అనుకున్నాను.

"ఎడమది పచ్చి" అని అరిచాను.

పెరట్లో జనరేటర్ మోత. "ఏంటి?" అంది అత్త.

"పచ్చి, అత్తా. ఎడమది పచ్చి."

మన భాషకు ఒక దణ్ణం పెట్టాలి. పనికొచ్చేదానికీ పనికిరానిదానికీ మధ్య ఒక దీర్ఘం, ఒక ఒత్తు తప్ప ఇంకేమీ పెట్టలేదు. ఆ మోతలో నా ఒత్తు పోయింది, దాని బదులు దీర్ఘం వినపడింది. అత్త లోపలికి వచ్చి కుడి క్యాను తీసుకుని వెళ్లిపోయింది.

నేను వెనకే పరిగెత్తాను. అత్త ఇంజన్ ఆపింది. నడుస్తున్నదాంట్లో పొయ్యకూడదు కాబట్టి కాస్త చల్లబడనిచ్చింది. మూత తీసి వంచింది. ఆ కంపు పెరడంతా కమ్ముకుంది. గోడవతల ఎవరో దగ్గారు. మావయ్య లోపల పెట్టె దగ్గరే ఉన్నాడు. అత్త మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు. మొహానికి జానెడు దూరంలో అది పారుతుంటే మంచినీళ్లు పోస్తున్నట్టు పోసింది.

నేను అప్పుడే చెప్పాల్సింది. కానీ ముక్కత్త తప్పు చేస్తుందని అనుకోవడానికి నా బుర్ర ఒప్పుకోలేదు. నా ముక్కే తప్పేమో, నేను పచ్చి అనుకున్నదే పాచేమో, అంత తేలిగ్గా తెలిసిపోతే అది విద్యెలా అవుతుంది అనుకున్నాను. పెద్దవాళ్ల మీద గౌరవం మంచిదే గానీ, ఒక్కోసారి అది మనిషిని మొద్దును చేస్తుంది.

తాడు లాగింది. ఇంజన్ అందుకుంది. ఒక నిమిషం బాగానే తిరిగింది, అడుగున మిగిలిన మంచి పెట్రోలుతో. ఆ తర్వాత దగ్గింది, తెల్లగా పొగ వదిలింది, ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. మళ్లీ లాగితే ఉలుకూ పలుకూ లేదు.

వెనకగది కిటికీలో వెలుగు పోయింది.

"పాచిది పోశావత్తా" అన్నాను. అప్పటికి వచ్చింది మాట.

"నువ్వు ఎడమది పాచి అన్నావు కదే."

"పచ్చి అన్నాను."

అత్త నావైపు చూసింది. క్యానువైపు చూసింది. మూత తీసి ఉన్న క్యానును ఎత్తి, ఈసారి దూరం లేదు, అరచెయ్యి లేదు, నేరుగా ముక్కు పెట్టి పీల్చింది. మళ్లీ పీల్చింది. నేను క్యాను లాక్కున్నాను, ఆ ఆవిరి తలకెక్కుతుందని ఆవిడే కదా చెప్పింది.

"రావట్లేదే" అంది అత్త. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఏ వాసనా రావట్లేదు. జ్వరం తగ్గినప్పట్నుంచీ లేదు."

"తెలుసు" అన్నాడు మావయ్య, వెలుగు పోయేసరికి గుమ్మంలోకి వచ్చి.

అత్త తలెత్తింది. "ఎప్పట్నుంచి?"

"నువ్వు పొయ్యి ముందే కూర్చునుండగా పాలు మాడాయి చూడు, అప్పట్నుంచి."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదు కదా" అన్నాడు.

అంటే ఇన్నాళ్లూ ఆయన గొణిగిన గొణుగుడంతా అదన్నమాట. నోట్లో నాలుక లేని మనిషి, ఆవిడకు ముక్కు లేదని తెలిసి, తనకు లేని నాలుక తెచ్చుకున్నాడు. షాపులోకి ఎవరొచ్చినా ఏదో వంకతో వచ్చి, కంపు అనో బాగుందనో ఒక మాట పారేసి వెళ్లాడు. ఆవిడ కసిరింది, ఆయన పడ్డాడు, పని జరిగిపోయింది. పక్కింట్లో ఉండి నేనేం చూశానో ఇన్నాళ్లూ.

కానీ అప్పుడు ఇవన్నీ అనుకునే తీరిక ఎవరికీ లేదు. "దుప్పట్లు" అని మావయ్య లోపలికి పరిగెత్తాడు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పెట్టెకు చుట్టాడు. పొయ్యి మీద నీళ్లు పెట్టి, సీసాల్లో నింపి కింది అరలో దూర్చాడు. అత్త అక్కడే నిలబడిపోయి ఉంది. కాళ్లూ చేతులూ ఆడనట్టు ఆవిడ నిలబడటం నేను చూడటం అదే మొదలు.

తర్వాత చెయ్యి చాపింది. "చిన్న పానా ఇవ్వు."

ట్యాంకు మొత్తం బకెట్లోకి దించేసింది. నా స్కూటర్లో మిగిలిన కాసిన్ని చుక్కల్లో సగంతో ట్యాంకు కడిగింది. కార్బొరేటర్ విప్పి ఒళ్లో పెట్టుకుంది. అందులో జెట్టు అని ఇత్తడిది ఒకటుంటుంది, దాని మధ్య సూది మొన దూరేంత రంధ్రం. పెట్రోలంతా ఆ రంధ్రంలోంచే పోవాలి. పాచి పెట్రోలు అడుగున ఉండే జిగురు దాన్ని మూసేసింది. అత్త పాత వైరులోంచి ఒక్క పోగు లాగి, దాన్ని అందులో ఆడించి, వెలుతురుకు ఎత్తి చూసింది. మళ్లీ ఆడించింది. కన్ను గుచ్చినట్టు వెలుగు కనపడేదాకా వదల్లేదు.

"ఇప్పుడు ఆ ఎడమది పట్రా" అంది. తెచ్చాను. "ఏం వాసన?"

"పచ్చి" అన్నాను, ఒత్తును రెండు చేతులా పట్టుకుని.

"పచ్చేనా? అడుగున ఇంకేం లేదా? బాగా చూడు. ఈసారి నాకు నీ ముక్కే గతి."

మళ్లీ చూశాను. "కొంచెం పులుపు."

"ఆ" అంది, అప్పుడే నమ్మినట్టు. అయినా వదల్లేదు. గాజు సీసాలో పోసి ఎండకెత్తింది, అడుగున పొర ఉందేమోనని. లేదు. స్టీలు మూత బోర్లించి, ఈ క్యానుది ఒక చుక్క, ఆ క్యానుది ఒక చుక్క వేసింది. వాన వెలిసిన ఎండ చురుగ్గా ఉంది. ఒక చుక్క ఎగిరిపోయి దాని చోటు కూడా తెలియకుండా పోయింది. రెండోది ఎండాక గోధుమరంగు వలయం మిగిలింది. అత్త వేలితో ముట్టి చూసింది, జిగురు. మొదటి దాని చోట రాసి చూసింది, ఏమీ లేదు. చెవి దగ్గర సీసా ఊపి కూడా చూసింది, అది ఎందుకో నాకు తెలియదు, బహుశా ఆవిడకూ తెలియదేమో. ముక్కు పోతే కళ్లతో, వేళ్లతో, చెవితో ఆ పెట్రోలు చుట్టూ తిరుగుతోంది. దేవుడా, ఇంత మనిషి నా పక్కింట్లో ఉందా అనుకున్నాను.

కార్బొరేటర్ మళ్లీ బిగించి, ఎడమ క్యానులోదానికి స్కూటర్ పెట్రోలు మిగిలిన చుక్కలు కలిపి ట్యాంకులో పోసింది. చోకు లాగింది. తాడు లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. రాలేదు. జ్వరం తిన్న భుజం, ఆవిడ ఆయాసపడుతోంది. నేను ముందుకొస్తే మోచేత్తో నెట్టేసింది. మూడోసారి ఇంజన్ ఒకసారి గురగురమంది, ఆగబోయింది, ఆగలేదు. అత్త చోకును కొంచెం కొంచెంగా, నిద్రపోయే పిల్ల మీద దుప్పటి సర్దినట్టు సర్దింది. మోత నిలకడైంది.

వెనకగది కిటికీలో వెలుగొచ్చింది.

అత్త జనరేటర్ పక్కన నేల మీద కూలబడింది. నేనూ పక్కనే కూర్చున్నాను. లోపల ఎన్ని బతికాయో, ఎన్ని పోయాయో మాకు తెలియదు. అడగడానికి భయమేసింది. ఎండ గోడ దిగి పెరట్లోకి వచ్చింది. ఇంజన్ ఆగకుండా నడుస్తూనే ఉంది.

చాలాసేపటికి మావయ్య గుమ్మంలోకి వచ్చాడు. "ఏమోయ్, ఒకసారి రా" అన్నాడు.

అత్త కదల్లేదు. పెళ్లయినప్పట్నుంచీ ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టలేదు. గుడ్డు పెంకుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయట, పెట్రోలు ఆవిరి లోపలికి పోతుందట. మావయ్య వద్దనలేదు, ఆవిడే వెళ్లేది కాదు. ఇన్నేళ్లలో కొన్ని వేల పిల్లలు ఆ ఇంట్లో పుట్టాయి, ఆవిడ ఒక్కటీ పుడుతుంటే చూడలేదు.

"చేతులు" అంది అత్త, నల్లటి చేతులు చూపిస్తూ. "కడిగినా పోదు. పోయిందో లేదో నాకు తెలీదు కూడా."

"వెనక్కి పెట్టుకో" అన్నాడు మావయ్య.

అత్త చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లలా గుమ్మం దాటింది. నేను వెనకే వెళ్లాను. మావయ్య దుప్పటి అంచు పక్కకు తీశాడు. పెట్టెకున్న చిన్న గాజు పలకలోంచి చూశాం. చాలా గుడ్లు కదలకుండా ఉన్నాయి. అవి కదలవని మావయ్య మొహం చూస్తేనే తెలిసింది. కానీ వాటి మధ్య రెండు తడి పిల్లలు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. వాటి పక్కన ఒక గుడ్డు చుట్టూ బీట తిరుగుతోంది. లోపల్నుంచి చిన్న ముక్కు కనపడింది. కొట్టింది, ఆగింది. అలిసిపోయినట్టు చాలాసేపు ఆగింది. మళ్లీ కొట్టింది. పెంకు టోపీలా పైకి లేచింది. తడిగా, వంకరగా, ఏమాత్రం అందం లేకుండా ఒక ప్రాణి బయటికి దొర్లింది.

అత్త నుదురు గాజుకు ఆనింది. "దీనికి తాడెవరు లాగారండీ?" అంది మెల్లగా.

అది హాస్యం కాదు. నిజంగానే అడిగింది. జీవితమంతా ఆగిపోయినవాటిని తాడు లాగి లేపిన మనిషి.

"ఎవరూ లాగరు. అదే లేస్తుంది. మనం వెచ్చగా ఉంచడమే" అన్నాడు మావయ్య.

అత్త కళ్లు నిండిపోయాయి. తుడుచుకోవడానికి చేతులు ముందుకు తేబోయి, తనకు తెలియని ఆ వాసన గుర్తొచ్చి మళ్లీ వెనక్కి పెట్టుకుంది. నీళ్లు చెంపల మీదికి జారాయి. మావయ్య గుడ్లు తుడిచే మెత్తటి గుడ్డ తీసి, ఆవిడ మొహం తుడిచాడు.